కొలవడానికి మేలుకునే ఫోన్

తెర ఆరిపోయి బల్ల మీద పడున్న 5జీ ఫోన్‌ను చూస్తే అది ఊరికే ఉందనిపిస్తుంది. నిజానికి సుమారు సెకనుకోసారి దాని లోపలి రేడియో మేలుకుంటూనే ఉంటుంది. చుట్టుపక్కల టవర్లు ఎంత బలంగా వినిపిస్తున్నాయో, ఏ దిక్కున బాగా వినిపిస్తున్నాయో కొలుచుకుని మళ్లీ పడుకుంటుంది. మనం ఒక్క మెసేజీ పంపకపోయినా, ఒక్క కాల్ రాకపోయినా ఈ పని ఆగదు. ఆగితే అసలుకే మోసం, ఎందుకంటే కాల్ వచ్చినప్పుడు ఫోన్ ఎక్కడుందో, ఏ దిక్కున వెతకాలో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఈ కొలతలకయ్యే బ్యాటరీ ఖర్చును తగ్గించడానికి ఇంజినీర్లు ఏళ్లుగా తంటాలు పడుతున్నారు. ఆ చర్చల్లో ఎక్కువగా వినిపించే మాట, తక్కువ బీమ్‌లు కొలిస్తే చాలునన్నది. అంకెలు వేసి చూస్తే మాత్రం ఖర్చులో పెద్ద వాటా కొలతది కాదు, ఆ కొలత కోసం మేలుకోవడానిది. కొలత నిడివి కోసుకుంటే మిగిలేది కొంతే. మేలుకునే సార్లు తగ్గిస్తే మిగిలేది దానికి ఎన్నో రెట్లు.

ముందుగా, బీమ్‌ల బెడద ఎందుకొచ్చిందో చూడాలి. మన దగ్గర 5జీ ఎక్కువగా నడిచే 3.5 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో తరంగం పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అమెరికాలో వాడే 28 గిగాహెర్ట్జ్ దగ్గర అది సెంటీమీటరు పైన కొంచెం. పౌనఃపున్యం 8 రెట్లు పెరిగితే, అన్ని దిక్కులా సమానంగా వినే మామూలు యాంటెన్నాకు అందే శక్తి 64వ వంతుకు పడిపోతుంది. ఆ లోటును పూడ్చుకునే దారి కూడా ఆ పొట్టి తరంగంలోనే ఉంది. అర సెంటీమీటరు ఎడంతో యాంటెన్నాలు పేర్చవచ్చు కనుక నాలుగింటి వరుస రెండు సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. వాటికిచ్చే సిగ్నళ్ల మధ్య కాలభేదాన్ని సర్దితే శక్తి అంతా ఒక దిక్కున పోగవుతుంది. అదే బీమ్. 2020లో అమెరికాలో అమ్మిన ఐఫోన్ 12 అంచున మాత్ర ఆకారంలో ఒక చిన్న కిటికీ కనిపిస్తుంది. లోహపు చట్రం ఆ తరంగాలకు అడ్డు కనుక యాంటెన్నాల కోసం వదిలిన దారి అది. బలం దక్కింది కానీ దానికి వెల ఉంది. అన్ని దిక్కులా వినే యాంటెన్నాకు టవర్ ఎటు ఉన్నా ఒకటే. బీమ్‌కు మాత్రం సరైన దిక్కు తెలియాలి, ఆ దిక్కు మారినప్పుడల్లా మళ్లీ తెలుసుకోవాలి.

ఆ తెలుసుకోవడం ఇలా జరుగుతుంది. టవర్ తన బీమ్‌లను ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ, ప్రతి దిక్కులోనూ ఒక చిన్న గుర్తింపు సిగ్నల్ పంపుతుంది. దాన్ని ఎస్‌ఎస్‌బీ అంటారు. 28 గిగాహెర్ట్జ్ లాంటి పై పౌనఃపున్యాల్లో, అంటే మిల్లీమీటర్ తరంగాల్లో, ఇవి గరిష్ఠంగా 64 ఉండవచ్చు. అన్నీ కలిసి 5 మిల్లీసెకండ్ల లోపే ముగుస్తాయి, సాధారణంగా ప్రతి 20 మిల్లీసెకండ్లకోసారి ఈ వరుస తిరిగొస్తుంది. ఫోన్ ఆ 5 మిల్లీసెకండ్లూ చెవి ఒగ్గి ఏ బీమ్ ఎంత బలంగా ఉందో రాసుకుంటుంది. చిక్కంతా ఫోన్‌కు కూడా బీమ్‌లు ఉండటంలోనే ఉంది. ఒకసారికి అది ఒకే దిక్కున వినగలదనుకుంటే, తన దిక్కు మార్చుకుంటూ టవర్ వరుసను మళ్లీ మళ్లీ వినాలి. ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ కొలతల గడువులు నిర్ణయించేటప్పుడు ఫోన్‌కు ఇలాంటి దిక్కులు 8 అని లెక్క వేసుకుంది. అంటే చూడవలసిన జతలు 64 ఇంటూ 8, మొత్తం 512. ఒక్కో వరుసకు ఒక్కో దిక్కు చొప్పున అన్నీ చూడటానికి 8 వరుసలు కావాలి, 160 మిల్లీసెకండ్లు పడుతుంది.

ఇక ఖర్చు సంగతి. 2019లో 3జీపీపీ ఫోన్ల విద్యుత్ ఆదాపై 38.840 సంఖ్యతో ఒక అధ్యయన నివేదిక విడుదల చేసింది. వేర్వేరు కంపెనీల చిప్‌లకు వేర్వేరు అంకెలుంటాయి కనుక అందులో వాట్లకు బదులు సాపేక్ష ప్రమాణాలు వాడారు. రేడియో గాఢనిద్రలో ఉంటే ఖర్చు 1. కొన్ని భాగాలు మాత్రమే ఆపిన కునుకులో 20. మిల్లీమీటర్ తరంగాల్లో ఎస్‌ఎస్‌బీ కొలుస్తున్నప్పుడు 175. నిద్రలోకి జారి మళ్లీ లేవడానికీ ఖర్చుంది. గాఢనిద్రకైతే రానూపోనూ 20 మిల్లీసెకండ్లు పడుతుంది, 450 ప్రమాణాలు ఖర్చవుతాయి. కునుకుకైతే 6 మిల్లీసెకండ్లు, 100 ప్రమాణాలు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర క్షణకాలపు ఆగుడుకు బండి ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం గిట్టుబాటు కాదన్న లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. విరామం సుమారు 24 మిల్లీసెకండ్లు దాటితేనే గాఢనిద్ర కునుకుకంటే చవక. ఎస్‌ఎస్‌బీ వరుసల మధ్య ఎడం 20 మాత్రమే కావడంతో, ప్రతి వరుసనూ వినే ఫోన్‌కు గాఢనిద్ర అన్నదే దొరకదు.

ఈ అంకెలతో 160 మిల్లీసెకండ్ల ముక్కను నాలుగు రకాలుగా లెక్కగట్టి చూద్దాం. మొదటిది, 20 మిల్లీసెకండ్లకోసారి లేచి మొత్తం 5 మిల్లీసెకండ్లూ కొలవడం. ఒక్కో విడతకు కొలత 875, మిగిలిన 15 మిల్లీసెకండ్ల కునుకు 280, వెరసి 1,155. ఎనిమిది విడతలకు 9,240. రెండోది, అన్నిసార్లూ లేస్తూనే తనకు పనికొచ్చే కొద్ది బీమ్‌లను మాత్రమే, ఒక్క మిల్లీసెకండు పాటు కొలవడం. విడతకు 535, మొత్తం 4,280. కొలత పని అయిదో వంతుకు తగ్గినా ఖర్చు సగానికి కాస్త దిగువన ఆగిపోయింది. మూడోది, 160 మిల్లీసెకండ్లకు ఒక్కసారే లేచి 5 మిల్లీసెకండ్లూ కొలవడం. కొలతకు 875, నిద్రకు 585, మొత్తం 1,460. రెండోదానిలో మొత్తం కొలిచినది 8 మిల్లీసెకండ్లు, మూడోదానిలో 5. కొలతలో తేడా పెద్దది కాదు, ఖర్చు మాత్రం మూడో వంతుకు దిగింది. నాలుగోది రెండు పొదుపులనూ కలపడం, అంటే ఒక్కసారే లేచి ఒక్క మిల్లీసెకండే కొలవడం. అప్పుడు 764. ఇందులో 450 నిద్రలోకి జారి లేవడానికే పోయింది, కొలతకు పోయింది 175. ఇంతకు మించి కొలతను ఎంత కుదించినా ఒరిగేది స్వల్పమే. ఈ లెక్క ఒక నమూనాది, అసలు చిప్‌లలో అంకెలు అటూఇటూ అవుతాయి. అయినా రెండో పద్ధతికీ మూడో పద్ధతికీ మధ్య ఉన్న అంతరం అటూఇటూ అయ్యే అంకెలతో చెరిగిపోయేది కాదు.

దీనికి మొదటి అభ్యంతరం వెంటనే తడుతుంది. 160 మిల్లీసెకండ్లకు ఒకే వరుస వింటే, ఫోన్ తన 8 దిక్కులూ చూసుకోవడానికి 1.28 సెకన్లు పడుతుంది. అంతలో పరిస్థితి మారిపోదా? మారుతుంది. అయితే రెండు వైపులా ఒకే వేగంతో మారదు. టవర్ బీమ్ వెడల్పు 10 డిగ్రీలనుకుంటే, 100 మీటర్ల దూరాన అది సుమారు 17 మీటర్ల మేర పరుచుకుంటుంది. నడిచే మనిషి దాన్ని దాటడానికి 12 సెకన్లకు పైనే పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సులోని వాడికైతే ఒక్క సెకను. ఫోన్ బీమ్ కథ వేరు. నాలుగు యాంటెన్నాల వరుస ఇచ్చే బీమ్ వెడల్పు 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. చెవి దగ్గరున్న ఫోన్‌ను కళ్ల ముందుకు తెచ్చుకుంటే అర సెకనులో అది 90 డిగ్రీలు తిరిగిపోవచ్చు. అంటే కూర్చున్న మనిషి చేతిలో కూడా ఫోన్ వైపు బీమ్ క్షణాల్లో తప్పిపోతుంది, టవర్ వైపు బీమ్ మాత్రం నిమిషాల తరబడి మారకపోవచ్చు. ఈ రెంటినీ ఒకే గడియారానికి కట్టి అన్ని జతలనూ ఒకే వేగంతో కొలవడంలోనే దుబారా ఉంది.

ఫోన్ తిరగడాన్ని తెలుసుకోవడానికి రేడియోతో పనే లేదు. తెర అడ్డం తిప్పగానే బొమ్మ తిరగడానికి తోడ్పడే యాక్సెలెరోమీటర్, దానికి జతగా జైరోస్కోప్ ఎలాగూ లోపలున్నాయి. రెండూ కలిసి వాడే కరెంటు ఒక మిల్లీయాంపియర్ అటూఇటూ. మిల్లీమీటర్ తరంగాల రిసీవర్ పనిచేస్తున్నప్పుడు వాడే దానితో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఫోన్ కదలలేదని ఆ సెన్సర్లు చెబుతున్నంతసేపూ తన దిక్కులను మళ్లీ వెతకనక్కర్లేదు. 40 డిగ్రీలు ఎడమకు తిరిగిందని చెబితే కొత్త బీమ్ కోసం ఎనిమిది దిక్కులూ గాలించనక్కర్లేదు. 40 డిగ్రీలు కుడికి ఉన్న దిక్కును, దాని పక్కదాన్ని చూస్తే చాలు. బల్ల మీద పడున్న ఫోన్ సెకనుకు ఇన్నిసార్లని లేవడానికి అసలు కారణమే ఉండదు.

సెన్సర్లకు తెలియని మార్పులూ ఉన్నాయి, వాటిని దాటవేస్తే వాదం నిలవదు. ఫోన్ కదలకపోయినా మధ్యలోకి మనిషి అడ్డొస్తే మిల్లీమీటర్ సిగ్నల్ నూరో వంతుకు, అంతకన్నా కిందకు కూడా పడిపోవచ్చు. యాంటెన్నా కిటికీ మీద అరచేయి పడ్డా అంతే. ఇలాంటివి జైరోస్కోప్‌కు కనిపించవు. అప్పుడు బీమ్ తెగుతుంది. 5జీలో దానికి ఒక ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. ఇప్పటి బీమ్ మీద కంట్రోల్ సందేశాలు చదవలేనంతగా నాణ్యత వరుసగా పడిపోతే, ఫోన్ వేరే బీమ్‌ను ఎంచుకుని టవర్‌కు కబురు పెడుతుంది. ఆ వెతుకులాటకు బోలెడు ఖర్చవుతుంది కదా అనవచ్చు. కాస్త కఠినంగానే లెక్కిద్దాం. ఒకసారి తెగి అతుక్కోవడానికి 200 మిల్లీసెకండ్లు పడుతుందని, అంతసేపూ రేడియో డేటా అందుకుంటున్నప్పుడు వాడే 350 ప్రమాణాల చొప్పున వాడుతుందని అనుకుంటే 70,000 ప్రమాణాలు. మొదటి పద్ధతి నుంచి మూడో పద్ధతికి మారితే ప్రతి 160 మిల్లీసెకండ్లకు 7,780 మిగులుతోంది. పది సెకన్లకోసారి బీమ్ తెగినా, ఆ పది సెకన్లలో మిగిలేది 4,80,000 పైచిలుకు. బ్యాటరీ లెక్కలో ఈ అభ్యంతరం నెగ్గదు.

వాడేవాడి కోణంలో మాత్రం అది సగం నెగ్గుతుంది, ఒప్పుకోవాలి. వీడియో కాల్ మధ్యలో 200 మిల్లీసెకండ్లు మాట ఆగితే బ్యాటరీ ఎంత మిగిలిందన్నది ఎవరికీ ఓదార్పు కాదు. అయితే కాల్ నడుస్తున్నప్పుడు రేడియో ఎలాగూ మెలకువగానే ఉంది. అప్పుడు కొలవడానికి అదనంగా మేలుకోవడమంటూ ఉండదు, నిద్ర చెడే ఖర్చూ ఉండదు. డేటా పారుతున్నంతసేపూ తరచుగా కొలవాలి, ఆగగానే కొలతల మధ్య ఎడం బారెడు పెంచేయాలి. కొలతను గడియారానికి కాకుండా మెలకువకు ముడిపెట్టడం అంటే ఇదే. ఇక్కడ కాల్ నాణ్యతకూ బ్యాటరీకీ పోటీ ఉందని చాలామంది అనుకుంటారు. ఆ పోటీ నిజంగా ఉన్నది మధ్యస్థ స్థితిలోనే, డేటా అడపాదడపా వస్తూ మధ్యలో చిన్న చిన్న విరామాలున్నప్పుడు. అసలు ఇంజినీరింగ్ అక్కడే కావాలి. 2020లో వచ్చిన 3జీపీపీ ప్రమాణాల 16వ విడుదలలో, మీకు డేటా ఉంది లేవండి అని ముందుగా చెప్పే సంకేతాన్ని చేర్చింది అందుకే. సంకేతం రాకపోతే ఫోన్ ఆ విడత లేవనక్కర్లేదు.

ఏ పనీ లేని ఫోన్‌కు ఇదే సూత్రం ఇంకోలా వర్తిస్తుంది, ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. 4జీలో టవర్ ప్రతి మిల్లీసెకండూ ఒక ఆధార సిగ్నల్ పంపుతూనే ఉండేది. ఎవరూ వాడని అర్ధరాత్రి కూడా ఆ ప్రసారం ఆగేది కాదు. దాన్ని దుబారాగా చూసి 5జీలో తీసేశారు, టవర్ల కరెంటు ఆదా అయింది. కానీ 4జీ ఫోన్ ఎప్పుడు లేచినా వెంటనే తన గడియారాన్ని, పౌనఃపున్యాన్ని సరిచూసుకునేది. 5జీ ఫోన్ ఎస్‌ఎస్‌బీ వచ్చేదాకా ఆగాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట సరిచూసుకోవడానికి మూడు వరుసల దాకా కావచ్చు. తనకు కాల్ ఉందేమో వినడానికి పట్టే సమయం రెండు మిల్లీసెకండ్లు కూడా కాదు. దానికోసం యాభై అరవై మిల్లీసెకండ్లు ముందే లేచి, వరుసకూ వరుసకూ మధ్య గాఢనిద్ర దొరకక కునుకుతో సరిపెట్టుకోవాలి. టవర్ దగ్గర మిగిలిన కరెంటులో కొంత ఇలా మన బ్యాటరీల్లోంచి పోయింది. 2022 నాటి 17వ విడుదల దీన్ని కొంత సరిచేసింది. కాల్ సందర్భానికి దగ్గర్లోనే సరిచూసుకునే సిగ్నళ్లు ఉన్నాయో లేదో టవర్ ముందే చెప్పవచ్చు, ఈసారి మీ గుంపులో ఎవరికీ కాల్ లేదని కూడా ముందుగా తెలపవచ్చు.

కృత్రిమ మేధ సంగతి ఇప్పుడు వస్తుంది. 18వ విడుదల అధ్యయనంలో రేడియోలో దాన్ని వాడదగిన మూడు పనులను ఎంచుకున్నారు, వాటిలో బీమ్ ఎంపిక ఒకటి. అందులో రెండు దారులున్నాయి. ఒకటి, 64 బీమ్‌లలో ఏ 16నో కొలిచి మిగిలినవాటి బలాన్ని ఊహించడం. రెండోది, ఇప్పటివరకు కొలిచిన వరుస క్రమాన్ని బట్టి రాబోయే క్షణాల్లో ఏది మంచి బీమ్ అవుతుందో ఊహించడం. మొదటిది వినడానికి ఆకర్షణీయంగా ఉంటుంది. టవర్ ప్రసారాన్ని తగ్గించే వీలుండటం దాని నిజమైన లాభం. ఫోన్ బ్యాటరీ వరకు చూస్తే మాత్రం అది పై లెక్కలోని రెండో పద్ధతి, లేచే సార్లు మారకుండా కొలిచే నిడివి తగ్గించడం. రెండో దారి లేచే సార్లనే తగ్గించగలదు, కనుక ఫోన్ తయారీదారులు ముందుగా పట్టించుకోవలసింది దాన్నే అని నా అభిప్రాయం. ఊహ తప్పితే ఎలా అన్న ప్రశ్న దీనికీ ఉంది. ఒక నగరపు వీధుల్లో నేర్చుకున్న నమూనా మరో ఊరి ఇరుకు సందుల్లో తడబడవచ్చు. అందుకే ఊహ నిజంతో సరిపోలుతోందా అని అప్పుడప్పుడూ పూర్తిగా కొలిచి చూసుకోవడం, సరిపోలకపోతే పాత పద్ధతికి మళ్లడం కూడా ఆ అధ్యయనంలో భాగమయ్యాయి. ఊహించే గణనకూ కరెంటు కావాలన్నది నిజమే. నమూనా చిన్నదై, ఎలాగూ లేచినప్పుడే ఆ గణన జరిగిపోతే దానికోసం వేరే నిద్ర చెడదు.

మేలుకోవడమే ఖరీదన్న మాటకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం తక్కువ శక్తి మేల్కొలుపు రిసీవర్‌లో కనిపిస్తుంది. 18వ విడుదలలో అధ్యయనం చేసి 19వ విడుదలలో ప్రమాణంగా తీసుకున్న ఈ ఏర్పాటులో, అసలు రేడియో పక్కన ఒక చిన్న సాదాసీదా రిసీవర్ ఉంటుంది. దానికి తెలిసింది ఒకే పని, మేల్కొలుపు సంకేతం వచ్చిందో లేదో వినడం. వస్తే అసలు రేడియోను లేపుతుంది, లేకపోతే దాన్ని ఇప్పటికన్నా లోతైన నిద్రలో ఉంచేస్తుంది. దీన్ని చర్చిస్తుండగా ముందుకొచ్చిన చిక్కు మన విషయమే. కాల్ వచ్చిందా అని వినే పని చిన్న రిసీవర్‌కు ఇచ్చేశాం, మరి టవర్ బలాన్ని కొలిచే పని? దానికోసం అసలు రేడియో ఎప్పటిలాగే సెకనుకోసారి లేస్తే, అంత లోతైన నిద్రలోంచి లేచే ఖర్చు ఇంకా పెద్దది కనుక వచ్చిన లాభమంతా హరించుకుపోతుంది. చివరికి ఆ కొలతల్లో కొన్నిటిని చిన్న రిసీవరే చేసేలా, అసలు రేడియో కొలతలు అరుదుగా జరిగేలా వీలు కల్పించవలసి వచ్చింది.

మన పాఠకులకు ఇంకో సందేహం రావడం సహజం. భారతదేశంలో 2022 వేలంలో 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను కంపెనీలు కొన్నా, ఇక్కడి ఫోన్లలో ఎక్కువ భాగం ఇంకా 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌తోనో, అంతకన్నా దిగువ బ్యాండ్లతోనో పనిచేస్తాయి. మనకెందుకీ గొడవ? ఆ బ్యాండ్‌లోనూ టవర్ 8 దాకా ఎస్‌ఎస్‌బీ బీమ్‌లు వాడవచ్చు. 38.840 నివేదిక ప్రకారం అక్కడ కొలత ఖర్చు 175కు బదులు 100, గాఢనిద్ర నుంచి లేచే ఖర్చు మాత్రం అదే 450. అంటే దిగువ బ్యాండ్‌లో కొలత చవకైన కొద్దీ మేలుకోవడం వాటా ఇంకా పెరుగుతుంది. ఇక తెర ఖర్చు ముందు ఇదెంత అనే వారికి జవాబు: తెరను వెలిగించేదీ ఆర్పేదీ మనం. ఈ ఖర్చు తెర ఆరినప్పుడు, రాత్రంతా, మన చేతిలో లేకుండా జరుగుతుంది. పొలంలోనో నీటి పైపు మీదో బిగించి ఏళ్ల తరబడి బ్యాటరీ మార్చకుండా వదిలేసే 5జీ మీటర్లకు, సెన్సర్లకు తెరే ఉండదు. వాటి ఆయుష్షు మొత్తం ఈ నిద్ర లెక్క మీదే ఆధారపడుతుంది.

వీటిలో చాలావాటికి నిబంధనలు ఇప్పటికే ఉన్నాయి. 16వ విడుదల ప్రకారం, ఖాళీగా ఉన్న ఫోన్‌కు అందే సిగ్నల్ ఒక నిర్ణీత వ్యవధిలో ఒక నిర్ణీత పరిమితికి మించి పడిపోకపోతే అది కదలడం లేదని లెక్క. సిగ్నల్ తగినంత బలంగానూ ఉంటే సెల్ అంచున, అంటే ఆ టవర్ పరిధి చివర, లేదని లెక్క. రెంటిలో ఒకటి నిజమైతే పక్క టవర్లను కొలిచే ఎడాన్ని మూడు రెట్లు చేసుకోవచ్చు, రెండూ నిజమైతే గంట దాకా ఆ కొలతలు మానేయవచ్చు. 17వ విడుదల ఇలాంటి సడలింపునే కనెక్షన్‌లో ఉన్న ఫోన్ బీమ్ తెగిందేమో చూసుకునే కొలతలకూ ఇచ్చింది. కానీ ఈ సడలింపును ఫోన్ తనంతట తాను తీసుకోలేదు. పరిమితి ఎంత, వ్యవధి ఎంత అన్న అంకెలను టవర్ పంపాలి. పంపని సెల్‌లో ఎంత తెలివైన ఫోన్ అయినా కదలకుండా బల్ల మీద పడుండి కూడా పాత లెక్క ప్రకారమే లేచి కొలుస్తుంది. కొత్త చిప్ రానక్కర్లేని, కొత్త స్పెక్ట్రమ్ కొననక్కర్లేని ఈ ఆదా ఆపరేటర్ల సెట్టింగుల్లో ఉంది. కదిలే బస్సులు ఎక్కువగా ఉన్న రహదారి సెల్‌కు ఒక అంకె, ఇళ్ల మధ్యనున్న సెల్‌కు మరో అంకె పెట్టుకునే వీలు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది.